మమ్మీల గదిలో అన్న పేరు

అన్నా,

నువ్వు పోయి ఈరోజుకు ఏడాది. నేను పనిచేసే ఇంటి మేడమ్ వాళ్లు సౌదీలోని తాయిఫ్ నుంచి ఈజిప్టు యాత్రకు వస్తూ, పిల్లల్ని చూసుకోవడానికి నన్నూ తీసుకొచ్చారు. పొద్దున మ్యూజియంలో రాజుల మమ్మీలున్న గదికి వెళ్లాం.

"మెల్లగా మాట్లాడండి. చనిపోయినవాళ్లను గౌరవించాలి," అన్నాడు గైడు.

నాకు ఒళ్లు మండింది. సౌదీవాళ్లకు ఇన్ని ఉద్యోగాలివ్వాలనే నితాఖత్‌లో నీ కంపెనీ ఎరుపు జాబితాలో పడి అక్కడ ఉండేందుకు నీకిచ్చిన అనుమతి కాగితం, ఇఖామా, రెన్యువల్ ఆగిపోయింది. నీ గుండె ఆగాక, ఆ కాగితం లేదని, నీకు వీసా ఇచ్చిన యజమాని, కఫీల్, సంతకం లేదని నిన్ను నాలుగు నెలలు యాన్బు మార్చురీలో వదిలేశారు.

"ఎందుకు ఏడుస్తున్నావు?" అంది మేడమ్.

"ఏడుపు కాదు మేడమ్, కోపం. ఎప్పుడో సచ్చిన రాజుకు ఇంత మర్యాదా? మా అన్నను ఇంటికి పంపేదానికి ఒక్క సంతకం పెట్టేవాళ్లు లేకపోయిరి!"

 ఆమె నీ పేరడిగింది. కంపెనీవాళ్ల నోట ఎప్పుడూ నీ నంబరే వచ్చేది. ఇంటిపేరుతో సహా గట్టిగా చెప్పాను.

నీ చెల్లెలు