ఆరు లెక్కపెట్టేలోగా

టోక్యో,
అక్టోబరు 9, గురువారం.

మదోకాకి,

ఇక్కడ చలిగాలి మొదలైంది. మన గది కిటికీ సందులో మళ్ళీ పాత పేపరు కుక్కాను. నువ్వూ, మీ అమ్మగారూ కులాసా అని తలుస్తాను. ఆవిడ కులాసాయేనని నాకు తెలుసులే, నిన్న మాట్లాడాను. అందుకే ఈ ఉత్తరం నాగోయాకి కాక మొరియోకాకి రాస్తున్నాను.

నువ్వు ఆ ఊళ్ళో ఉన్న సంగతి నాకెవరూ చేరవేయలేదు. నువ్వే చెప్పావు.

సోమవారం ఫోన్లో, నాగోయాలో జబ్బుపడ్డ అమ్మకి జావ కాస్తున్నానన్నావు. అంతలో మాట ఆపి "ఒకటి, రెండు" అని లెక్కపెట్టావు. కాళ్ళకింద నేల సన్నగా వణికితే చాలు, భూకంపాలు చదివిన మనవాళ్ళ నోరు ఆగదు కదా. భూకంపపు రెండు అలల గురించి కువబారా మాస్టారు మొదటి రోజే చెప్పారు: "ముందొచ్చి తలుపు తట్టేవాడు తమ్ముడు, వెనకొచ్చి విరగ్గొట్టేవాడు అన్న. మధ్యలో ఎంతసేపో లెక్కపెడితే ఎంత దూరం నుంచి వచ్చారో తెలుస్తుంది." నువ్వు "ఆరు" అన్నావు. గిన్నెలు పడ్డాయి. ఫోన్ తెగింది.

అప్పటికి ఇక్కడ నా టీ కూడా కదల్లేదు. కాసేపటికి దీపం వణికింది, నేనూ లెక్కపెట్టాను. యాభై దాటాకగాని పెద్ద ఊపు రాలేదు. భూకంప కేంద్రం ఉత్తరాన ఇవాతే కొండల కింద అని రేడియో చెప్పింది. నాగోయా నాకంటే దూరం, నీకు నాకంటే ఆలస్యంగా అందాలి.

తమ్ముడికీ అన్నకీ మధ్య ఒక్కో సెకనుకి ఎనిమిది కిలోమీటర్ల దూరం, ఆరు ఎనిమిదులు నలభై ఎనిమిది. మామూలుగా మనమున్న చోటి నుంచి భూకంపాన్ని వెతుకుతాం. ఈసారి భూకంపం దగ్గర్నుంచి నిన్ను వెతికాను. పటం మీద గీసిన వృత్తం మొరియోకా మీదుగా పోయింది. మనిద్దరం దరఖాస్తు పెట్టిన ఆ ఒక్క ఉద్యోగం ఉన్న ఊరు.

ఒక్క వృత్తంతో చోటు తేల్చకూడదు. నిన్ను నమ్మాలనే మీ అమ్మగారికి ఫోన్ చేశాను. "నాకేం జబ్బే తల్లీ? అది నీ దగ్గరే ఉందిగా?" అన్నారావిడ. తర్వాత నీ బీరువా చూశాను. ఇంటర్వ్యూకి తప్ప ఎవరూ తొడగని ఆ నల్ల సూటు లేదు.

పిలుపు ఎవరికి ముందొచ్చినా రెండోవాళ్ళకి చెప్పాలని ఒట్టేసుకున్నాం. నీకొస్తే స్టేషన్ దాకా వచ్చి రైలెక్కించేదాన్ని. ఇంటికొచ్చి ఏడ్చేదాన్నేమో, అది వేరే సంగతి. నీకు ఎక్కువ మార్కులొచ్చినప్పుడు ఏనాడైనా మొహం మాడ్చుకున్నానా? నన్నంత చిన్నదాన్ని చేశావేమే. నాకు పిలుపు రాలేదంటే చదువు చాలలేదనుకుంటాను, అది భరించగలను. నీ అబద్ధాన్ని భరించలేకపోతున్నాను.

ఇట్లు,
సుమిరె

తా.క.: కవరు అంటిస్తుంటే కువబారా మాస్టారు ఫోన్ చేసి పెళ్ళి శుభాకాంక్షలు చెప్పారు. నేను పెళ్ళి చేసుకుని క్యూషూ వెళ్ళిపోతున్నాననీ, ఉద్యోగం వద్దంటున్నాననీ నువ్వు మొరియోకా వాళ్ళతో అన్నావట. మొదట పిలవాలనుకున్నది నన్నేనట, నీ మాట విని నా పేరు కొట్టేశారట. వరుడెవరమ్మా అని అడిగారు. మదోకాని కనుక్కుని చెబుతానన్నాను. ఆయన వెంటనే ఫోన్ పెట్టేశారు. తర్వాత మొరియోకాకి ఫోన్ చేసి, మళ్ళీ నాకు చేశారు. బుధవారం నన్ను ఇంటర్వ్యూకి రమ్మన్నారట మొరియోకా వాళ్ళు.