లచ్చవ్వ అని కొడితే తెరుచుకున్న పేజీ

నాచారం,
జులై 2012

కాలేజీ చర్చావేదిక కార్యవర్గ సభ్యులకు,

సంపత్ సేకరించిన ఆధారాలను దొంగిలించి ఎంపిక పోటీలో వాదించానన్నది నాపై మీ అభియోగం. ఫైనల్ జట్టులోంచి నన్ను తొలగించే ముందు నా సమాధానం వినండి.

రెండేళ్లుగా నీటి కాలుష్యంపై నివేదికలను మా ఇంటి కంప్యూటర్‌లో బుక్‌మార్క్ చేసుకున్నాను. ఒక్కొక్కదానికి ఒక చిన్న మాట పెట్టుకున్నాను. బ్రౌజర్‌లో ఆ మాట కొడితే ఆ పేజీ తెరుచుకుంటుంది. కాలేజీ ల్యాబ్‌లోనూ అవే పనిచేయాలని అక్కడి బ్రౌజర్‌ను నా ఖాతాతో కలిపాను. ఉప్పల్ బస్సు అందుకునే తొందరలో ఖాతా మూయకుండా వచ్చేశాను.

నా తర్వాత ఆ కంప్యూటర్ ముందు కూర్చున్నది సంపత్. పోటీలో నాకంటే ముందు లేచి నా ఆధారాలన్నీ వినిపించాడు. తర్వాత అవే నేను చెబితే దొంగిలించినవిగా కనిపించాయి. నిలదీస్తే, "కంప్యూటర్ కాలేజీది, అండ్ల ఉన్నదంతా అందరిది. నీకెందుకే గంత ఫికర్?" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. దొంగతనం కంటే ఆ నవ్వే నాకు ఎక్కువ రోత పుట్టించింది.

నిన్న మీ ఎదుటే అతడు అదే ల్యాబ్ కంప్యూటర్‌లో 'లచ్చవ్వ' అని కొట్టి, తెరుచుకున్న భూగర్భజల నివేదిక తాను సేకరించిందేనన్నాడు. ఆ మాట కూడా తానే పెట్టానన్నాడు. మీరు నమ్మారు.

లచ్చవ్వ మా పక్కింటావిడ. "బోరు నీళ్లు సూడు బిడ్డా, చాయ్ లెక్కున్నయ్" అని ఆమె బిందె వంచి చూపిన రోజే నేను ఆ నివేదిక వెతికాను.

ఈ ఉత్తరం సంపత్‌కు చూపకండి. రేపు సభలో అతన్ని నిలబెట్టి ఒక్కటే అడగండి: లచ్చవ్వ ఎవరు?