నాలుక సంగతి

బాపట్ల,
జూన్ 3, 2024.

ప్రియమైన నాన్నకు,

నీ లిడియా వందనాలు. ఫోన్లో మాట్లాడదామంటే నీకు చెవులు సరిగ్గా వినపడవు. మెసేజ్ పెడితే తమ్ముడు అభిషేక్ గాడు అరిచి చదువుతాడు, వీధంతా వింటుంది. అందుకే ఉత్తరం.

నాలుక మీద మచ్చలు మళ్ళీ వచ్చాయి. ఎర్రగా, చుట్టూ తెల్లటి అంచుతో, ఈసారి కొన దాకా. నిన్న ఎడమ పక్క ఉన్నది ఇవాళ కుడి పక్కకి జరిగింది. టమాటా పప్పు తింటే నోరు భగ్గుమంటోంది, ఆకలి లేదని లేచిపోతున్నాను. మొన్న అత్తయ్య గోంగూర కలిపి నాకో పెద్ద ముద్ద పెట్టారు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "కారం ఎక్కువైందా అమ్మా?" అన్నారు. లేదండి అన్నాను.

నిన్న మొదటి ఆదివారం, ప్రభురాత్రి భోజనం. ఇక్కడా మన గుళ్ళోలాగే ద్రాక్షరసానికి ఒకటే గిన్నె, అందరూ వరసగా తాగాలి. పాస్టరు అయ్యగారి ముందు మోకరించి నోరు తెరిచినప్పుడు ఎవరైనా చూస్తే? నా తరవాత తాగేవాళ్ళకి ఏదో అంటించానంటే? బెంచీ మీదే ఉండిపోయాను. దీపక్ అడిగితే తలనొప్పి అన్నాను. పెళ్ళయి నాలుగు నెలలైంది, మొగుడికి కూడా నాలుక చూపించలేదంటే ఎంత సిగ్గుచేటు! పెళ్ళికి ముందు ఎవరికీ చెప్పొద్దన్నావు. ఇప్పుడైనా చెప్పనా నాన్నా?

నీ కూతురు,
లిడియా

రేపల్లె,
జూన్ 10.

లిడియా తల్లికి,

నాన్న ఆదాము దీవెనలు. నాలుక సంగతి చెప్పకు. ముప్ఫై నాలుగేళ్ళు బళ్ళో పాఠాలు చెప్పినవాణ్ణి, మనుషుల సంగతి నాకు తెలుసు. 'రోగం దాచి మా అబ్బాయికి అంటగట్టారు' అని ఒక్క మాట వచ్చిందంటే ఇక జన్మంతా పడాలి. మీ అత్తగారు క్రిస్టినమ్మ మంచావిడే, కాదనను. కానీ మంచివాళ్ళకి మాత్రం నోళ్ళుండవా? దీపక్‌కి చెప్పినా వాళ్ళమ్మకి చెప్పినట్టే.

తెనాలి వెళ్ళి డాక్టరుకి చూపించుకో. బాపట్లలో వద్దు, తెలిసినవాళ్ళు కనపడతారు. టీచరువి కదా, బడి పనని చెప్పు. పాలన్నం తిను, టమాటాల జోలికి, పచ్చళ్ళ జోలికి పోకు. చిన్నప్పుడు నీకు రాసిన పసరు మాత్రం ఎవరు చెప్పినా రాయకు. ఆ రోజు నువ్వు ఏడ్చిన ఏడుపు నేనింకా మర్చిపోలేదు.

దేవుడు నీకు తోడుగా ఉండాలి.
నాన్న

తెనాలి,
జూలై 8.

ప్రియమైన నాన్నకు,

స్టేషన్లో కూర్చుని రాస్తున్నాను. ఎదురుగా రేపల్లె బండి ఆగి ఉంది. ఎక్కేసి నీ దగ్గరికి వచ్చేద్దామనిపిస్తోంది.

డాక్టరమ్మ దగ్గరికి ఇది రెండోసారి. దీన్ని జియోగ్రాఫిక్ టంగ్ అంటారట, మ్యాపులా ఉంటుందని. "అంటుకోదు, క్యాన్సర్ కాదు, ఎందుకంత భయం?" అంది. ఏది తింటే మండుతుందో ఒక్కొక్కళ్ళకి ఒక్కో రకమట, రాసుకోమంది. మూడు వారాలు రాశాను. నాకు టమాటా, గోంగూర, పొగలు కక్కే టీ పడవు. వంకాయ పులుసు ఏమీ చెయ్యలేదు. ఒక్కోసారి వట్టి పెరుగన్నం తిన్నా మచ్చలు వస్తున్నాయి, దానికి ఎవరేం చెప్తారు? నయమేంటంటే అత్తయ్య పప్పులో టమాటా వెయ్యడం మానేశారు. రేటు పెరిగిందంటున్నారు.

అసలు సంగతి ఇది కాదు. నిన్న మళ్ళీ మొదటి ఆదివారం. అంటుకోదని తెలిసి కూడా నేను లేవలేదు. పక్కనే అత్తయ్య లేచారు, నా వంక చూశారు, మళ్ళీ కూర్చుండిపోయారు. నలభై ఏళ్ళలో ఆవిడ ఒక్కసారి కూడా మానలేదట! సాయంత్రం సంఘపెద్ద లూకాగారు ఇంటికొచ్చారు. గొడవలుంటే సమాధానపడి గిన్నె దగ్గరికి రావాలి కదా, అత్తాకోడళ్ళిద్దరూ మానేశారంటే ఏమనుకుంటారు? "ఏంటమ్మా, ఇంట్లో ఏమైంది?" అని అడిగారు.

అత్తయ్య తల వంచుకుని, "తప్పు నాదేనండి. కోడలిదేం లేదు" అన్నారు.

నేను వంటింటి తలుపు వెనకే ఉన్నాను నాన్నా. ఒక్క అడుగు బయటికొచ్చి కాదు అంటే సరిపోయేది. రాలేదు. నా మచ్చల కోసం ఆ పెద్దావిడ పరువు పోతుంటే వింటూ నిలబడ్డాను. ఛీ, నా మీద నాకే అసహ్యంగా ఉంది.

లిడియా

రేపల్లె,
జూలై 13.

తల్లీ లిడియా,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. నీకు ఒక అబద్ధం చెప్పాను. కర్లపాలెం సంబంధం, అబ్బాయికి దూరంగా ఉద్యోగం వచ్చి తప్పిపోయిందన్నాను కదా. అది కాదు. పెళ్ళిచూపుల్లో నువ్వు సోడా తాగుతున్నప్పుడు ఆ అబ్బాయి తల్లి నీ నాలుక చూసింది. "అమ్మాయికి నోట్లో ఏదో ఉంది మాస్టారూ" అంది. "అబ్బే, ఇవాళ నోరు పూసిందండి" అన్నాను. తల ఎత్తలేకపోయాను. ఆ రోజు నుంచీ నిన్ను నోరు మూసుకో అంటూనే ఉన్నాను. నీ నాలుకని చూసి మొదట సిగ్గుపడినవాణ్ణి నేనే. ఆ సిగ్గు నీకు నేర్పిందీ నేనే. నన్ను క్షమించు.

వెళ్ళి చెప్పు. వచ్చే మొదటి ఆదివారం లోపు నువ్వు చెప్పకపోతే నేనే బస్సెక్కి వచ్చి చెప్తాను.

ఇట్లు,
తప్పు చేసిన మీ నాన్న

బాపట్ల,
ఆగస్టు 5.

ప్రియమైన నాన్నకు,

చెప్పాను. శనివారం దాకా లాగాను, ఇంక నువ్వు బస్సెక్కేస్తావని భయమేసింది.

అత్తయ్య బియ్యం ఏరుతున్నారు. వెళ్ళి ఎదురుగా కూర్చుని, చూడండి అని నాలుక చాపాను. ఆవిడ చూడనే లేదు. చాటలోకి చూస్తూ, "తెలుసమ్మా" అన్నారు.

జూన్లో నువ్వు రాసిన ఉత్తరం నేను బడిలో ఉండగా వచ్చింది కదా. విప్పి చదివారట. మళ్ళీ అన్నం మెతుకుతో అంటించి నా బల్ల మీద పెట్టారట. టమాటాలు మానేసింది అందుకే. "చెప్పకు, చెప్పకు అని రాశారు మీ నాన్న. నేనంత రాక్షసినా అనుకున్నాను. నువ్వే చెప్తావని చూశాను. ఇంకొకరి ఉత్తరం దొంగతనంగా చదివిన చేత్తో గిన్నె ఎలా ముట్టుకోను? లూకాగారితో నిజమే చెప్పాను" అన్నారు. ఏడ్చారు నాన్నా. నేనూ ఏడ్చాను. నీ మాటకి ఎంత నొచ్చుకున్నారో చెప్పలేను, ఆవిడకి నువ్వొక ఉత్తరం రాయాలి. దీపక్‌కి రాత్రి చెప్తే, "ఇన్నాళ్ళూ నాకెందుకు చెప్పలేదు?" అని అలిగి కూర్చున్నాడు. ఇంకా సరిగ్గా మాట్లాడట్లేదు.

నిన్న గుళ్ళో అత్తయ్య నన్ను ముందుకి తోసి నా పక్కనే మోకరించారు. ద్రాక్షరసం తగిలి నాలుక మండింది, ఓర్చుకున్నాను. అయ్యగారు ఎప్పట్లాగే అంచు తుడవడానికి గుడ్డ తీశారు. అత్తయ్య చెయ్యి అడ్డం పెట్టి, "తుడవకండి అయ్యగారూ" అన్నారు, వెనక బెంచీలకి వినపడేలా. నేను తాగిన చోటే నోరు పెట్టి తాగారు.

నీ కూతురు,
లిడియా