నేను నోరు మెదపని వారంలో విరిగిన స్టడ్లు

జూన్ 2, సోమవారం. ఉదయం 5.30

ప్రార్థన అయింది. తీర్మానం: వచ్చే సోమవారం దాకా తమ్ముణ్ణి ఒక్క వెటకారం మాట అనను.

కారణం నేనే. పోయిన నెల భోజనాల దగ్గర, "పది నెలలుగా ఇంట్లో కూర్చుని అలిసిపోయావు, ఇంకాస్త వడ్డించనా?" అన్నాను. చెయ్యి కడుక్కుని లేచిపోయాడు. పన్నెండు రోజులు నాతో మాట్లాడలేదు.

ఇప్పుడు ఉద్యోగం దొరికింది. రొట్టెల ఫ్యాక్టరీ నుంచి దుకాణాలకు సరుకు చేరవేయాలి. వచ్చే సోమవారం ఏడింటికి సొంత బండితో రమ్మన్నారు. చప్పుడు చేసే బండి పనికిరాదన్నారు. మావాడి బండి వీధి మలుపు తిరగకముందే మా వంటింట్లో గిన్నెలకు తెలుస్తుంది. సైలెన్సరు వదులైంది. తనే బాగుచేసుకుంటాడట.

మరదలు నా చేతులు పట్టుకుంది. "వదినా, ఈ వారం ఆయన్నేమీ అనకండి. అంటే పని వదిలేసి కూర్చుంటారు."

మాట ఇచ్చాను. ఎంత తేలిక! నోరు మూసుకోవడం కూడా ఒక పనేనా!

సాయంత్రం 5.00

సైలెన్సరు గొట్టాన్ని ఇంజనుకు పట్టి ఉంచేవి రెండు స్టడ్లు. తల లేని బోల్టులన్నమాట. రెండూ తుప్పు. వాడు నూనె వేయలేదు. ముప్పై ఏళ్లుగా వర్క్‌షాపు స్టోరులో పనిముట్లు ఇచ్చి పుచ్చుకుంటున్నదాన్ని. అయినా ఏమీ అనలేదు. చిరునవ్వు నవ్వాను.

జూన్ 3, మంగళవారం

బలం కోసం రెంచికి ఇనప గొట్టం తొడిగాడు. మా స్టోరులో రెంచితో పాటు గొట్టం కూడా అడిగినవాడి పేరు పక్కన ముందే పెన్సిలు చుక్క పెడతాను. చుక్క ఇంతవరకు తప్పలేదు.

టక్కుమంది.

"వదులైనట్టుంది అక్కా!"

వదులైంది. స్టడ్డు సగం వాడి చేతిలో, సగం ఇంజనులో.

నవ్వాను. శాంతంగా.

జూన్ 4, బుధవారం

రెండోదీ విరిగింది. ఇది సరిగ్గా ఇంజను మట్టానికి. పైన పట్టుకోవడానికి గోరంత కూడా మిగల్లేదు.

నిట్టూర్చాను. నిట్టూర్పు మాట కాదు.

"వదినా, మీ నిట్టూర్పు వీధి చివరిదాకా వినిపించింది."

"నాకూ సైలెన్సరు వదులైందేమోనమ్మా."

ఇది మరదలితో అన్నది. లెక్కలోకి రాదు.

జూన్ 5, గురువారం

డ్రిల్లు పట్టాడు. గుర్తు కూడా పెట్టకుండా దింపాడు. రంధ్రం పక్కకు పోయింది.

"మధ్యలోనే పడిందా అక్కా?"

చూశాను. చూపు కూడా మాట కాదు. వాడు తల దించుకున్నాడు.

జూన్ 6, శుక్రవారం. ఉదయం 5.30

కిటికీ తెరిచి, గట్టిగా ప్రార్థన చేశాను. "దేవా, వేడి తగలందే తుప్పు కదలదని గ్రహించే బుద్ధి మాకందరికీ ప్రసాదించు. రెంచికి గొట్టం తొడిగేవాళ్ల చేతుల్ని కాపాడు. మలుపులో వెల్డింగు మేస్త్రీని చల్లగా చూడు. శనివారం కొట్టు మూసినా, ఆదివారం తెరుస్తాడు."

బండి పక్క నుంచి "తథాస్తు" అని వినిపించింది. అంతే. మనిషి లేవలేదు.

దేవుడితో చెప్పుకున్నదీ లెక్కలోకి రాదు.

జూన్ 7, శనివారం. 10.40

ఎక్‌స్ట్రాక్టరు తెచ్చాడు. రంధ్రంలో దించి తిప్పితే విరిగిన ముక్క బయటికి రావాలి. ఉక్కంత గట్టిది, గాజంత పెళుసు. అదీ లోపల విరిగితే ఇక డ్రిల్లు కూడా దిగదు. ఇంజను విప్పి లేతు పనికి పంపాలి. ఈలోగా ఉద్యోగం ఇంకొకరికి.

10.41. దానికీ గొట్టం తొడిగాడు.

10.42. "ఆపరా! విరగ్గొట్టడానికి ఇంకేమీ మిగల్లేదని ఉద్యోగం కూడా విరగ్గొడుతున్నావా? నూనె లేదు, వేడి లేదు, ఓర్పు లేదు! ఆ గొట్టం ఇలా ఇవ్వు. నీకంటే దానికే బుద్ధుంది, ఎవడో పట్టుకుంటే తప్ప ఏ పాడుపనీ చెయ్యదు!"

10.50. ఇంకా అంటున్నాను.

11.05. మంచినీళ్లు తాగాను. మరికాస్త అన్నాను. మరదలు గుమ్మంలో కూలబడింది.

వాడు పనిముట్టు కింద పెట్టాడు. అయిపోయింది, లేచి వెళ్లిపోతాడు అనుకున్నాను.

"ఇదంతా నీకు సోమవారమే తెలుసా?"

"తెలుసు."

"మరి చెప్పవేం?"

"మాట ఇచ్చాను."

"మాట్లాడకుండా గుమ్మంలో నిలబడి నవ్వుతావు. నువ్వు నవ్వితే భయమేసి ఇంకా గట్టిగా తిప్పాను. తిడుతూనే చెప్పొచ్చుగా అక్కా!"

ఐదు రోజులు. వెటకారంతో పాటు పనికొచ్చే మాట కూడా దాచేశాను. రెండూ విడదీయడం నాకు ఏనాడూ రాలేదు.

జూన్ 8, ఆదివారం

మేస్త్రీ విరిగిన ముక్కల మీద నట్లు పెట్టి వెల్డింగు చేశాడు. ఆ వేడికి తుప్పు పట్టు వదిలింది. "ముందుకీ వెనక్కీ, మెల్లగా" అన్నాను. తమ్ముడే తిప్పాడు, గొట్టం లేకుండా. రెండూ వచ్చాయి. కొత్త స్టడ్లు గ్రీజు పూసి ఎక్కించాడు. నట్లు ఇటు కొంచెం, అటు కొంచెం బిగించాడు. ఒక్కటే ప్రశ్న, నలభైసార్లు: "చాలా అక్కా?"

సాయంత్రం ప్రార్థన మరిచిపోయాను. ఈ వారంలో దేవుడికి కాస్త తెరిపి దొరికింది.

జూన్ 9, సోమవారం. ఉదయం 5.30

ప్రార్థన అయింది. తీర్మానం మళ్లీ మొదలు, చిన్న సవరణతో: వచ్చే సోమవారం దాకా వెటకారం ఉండదు. పని మాట ఉంటుంది.

6.30. బండి స్టార్టు చేశాడు. పిల్లి గురక. గిన్నెలు కదల్లేదు. నా వైపు చూశాడు. నేను నవ్వలేదు, జాగ్రత్తగా.

"ఏదో ఒకటి అను అక్కా. నువ్వు ఊరుకుంటేనే నాకు భయం."

"సైడు స్టాండు తియ్యి."

పని మాటే. తీశాడు.

"అంతేనా?"

"పది నెలలుగా దాని మీదే ఒరిగి ఉన్నారు, బండీ నువ్వూ. ఇద్దరూ కదలండిక."

6.32. నవ్వుకుంటూ వెళ్లాడు. మలుపు తిరిగాడో లేదో చప్పుడును బట్టి తెలియలేదు. గేటు దాకా వెళ్లి చూడాల్సి వచ్చింది.

తీర్మానం రేపటి నుంచి.