వాకిట్ల తెల్లపంచె

భద్రాచలం, 2006

తమ్ముడా బలరాం,

నీకు చెప్పకుండనే అమ్మను దవాఖానాకు తెచ్చిన. వడ్లు తూర్పారబడుతుంటే కంట్ల పొట్టు పడ్డది. కన్ను ఎర్రబడి నీళ్లు కారినయ్, వెలుతురు చూడలేకపోయింది. అదే తగ్గుతదని అమ్మ అన్నది.

తర్వాత ఒకనాడు, "మీ నాయిన తెల్లపంచెతో వాకిట్ల నిలబడ్డడు," అన్నది. నాయిన పోయి ఏడాదాయె గదా, అందరం భయపడ్డం. గాలి సోకిందని చిన్నాయన కోడిని కోద్దామన్నడు. నేను అమ్మ నొప్పికన్ను చేత్తో మూసి, "ఇప్పుడున్నడా?" అనడిగిన.

"లేడు."

జల్దీ జీపెక్కించిన. నల్లగుడ్డు మీద తెల్లటి పుండట. ఇంకా ఆగితే చూపే పోయేదని డాక్టరమ్మ అన్నది.

మందుకు ఆ తెల్లమచ్చ తగ్గుతున్నది. నాయిన కూడా రోజురోజుకు పలచబడుతున్నడట. పొద్దున కంట్ల మందుచుక్కలు వేయబోతే అమ్మ నా చెయ్యి పట్టుకొని, "ఇయ్యాల వద్దు బిడ్డా," అన్నది.

చెయ్యి విడిపించుకొని వేసిన.

నువ్వు రా.

మీ అక్క