రెండు పూటల హాజరు

సెప్టెంబర్ 8, సోమవారం

ఇన్‌స్పెక్షన్ వాళ్లు చెప్పాపెట్టకుండా పొద్దున్నే దిగారు. మా లా కాలేజీ గోదావరిఖనిలో టైర్ల షాపు పైన, రెండు గదులు. చదివేవాళ్లలో సగానికి పైగా గని కార్మికులు, అందుకే ఒకే పాఠం రెండుసార్లు చెప్తారు. సెకండ్ షిఫ్టు వాళ్లకు పొద్దున తొమ్మిదికి, ఫస్ట్ షిఫ్టు వాళ్లకు సాయంత్రం ఐదింటికి. దానికి పర్మిషన్ ఉంది, ఫ్రేమ్ కట్టి గోడకు తగిలించి మరీ ఉంది. వాళ్లు గోడ చూడలేదు. బెంచీల మీద ఏడుగురిని చూశారు, రిజిస్టర్‌లో రోజుకు ముప్పై దాటిన హాజర్లు చూశారు. బోగస్ అని రాసుకుని పోయారు.

ఆ రిజిస్టర్ రాసేది నేను.

సెప్టెంబర్ 9

డ్యూటీలో మనసు నిలవలేదు. గని టైమ్ ఆఫీసులో మస్టర్ రాయడం నా ఉద్యోగం. నాన్న పోయాక వచ్చింది. ఆరేళ్లుగా ఎవరు లోపలికి దిగారు, ఎవరు దిగలేదు అని రాస్తూనే ఉన్నాను, ఒక్క మాట పడలేదు. రాజకుమారి రాస్తే తిరుగుండదని మా లెక్చరర్ సదానందం సారే కాలేజీ రిజిస్టర్ కూడా నాకు అప్పగించారు. పొద్దున పూటవి వాళ్లు సంతకాలు పెట్టిన చీటీ చూసి ఎక్కిస్తాను.

సెప్టెంబర్ 11

నోటీసు వచ్చింది. దొంగ హాజర్లు వేస్తున్న కాలేజీకి గుర్తింపు ఎందుకు రద్దు చేయకూడదో పదిహేను రోజుల్లో చెప్పాలట. రద్దయితే అందరినీ కరీంనగర్‌కు మారుస్తారు. అరవై కిలోమీటర్లు. షిఫ్టు దిగి అంత దూరం ఎవరు పోతారు? నలభై ఒక్క మంది చదువు అటకెక్కినట్టే. నాకైతే ఇంకొక్క సెమిస్టరే ఉంది.

సెప్టెంబర్ 12, సాయంత్రం 6.30

ప్రిన్సిపాల్ పిలిచి చాయ్ తెప్పించారు. అప్పుడే అనుమానం వచ్చింది. టైపు చేసిన కాగితం ముందుకు జరిపారు. ఆ హాజర్లన్నీ కాలేజీకి తెలియకుండా నేనే దొంగగా వేశానని. ఒక్కదానివి తప్పుకుంటే నలభై మంది బతుకుతారు, నీకు ఉద్యోగం ఉంది కదమ్మా, లా లేకపోతే ఏం పోయింది అన్నారు.

చాయ్ మొత్తం తాగాను. సంతకం పెట్టనని చెప్పాను. నా ముందే విద్యార్థుల లిస్టులో నా పేరు కొట్టేశారు.

సెప్టెంబర్ 13

కోపం. ఇంకేమీ రాయబుద్ధి కావట్లేదు.

సెప్టెంబర్ 14, ఆదివారం

పొద్దున బ్యాచ్ యాస్మీన్ రిజిస్టర్ పేజీలన్నీ ఫోటోలు తీసి పంపింది. దొరికితే తననూ పంపేస్తారని తెలుసు, అయినా పంపింది. ఒక్కో రోజూ షిఫ్టులతో సరిచూశాను. అంతా నిజమే. ఆగస్టు 19 దగ్గర చెయ్యి ఆగిపోయింది.

ఆ రోజు ఒకటే వాన. గనిలోకి నీళ్లొచ్చి, ఫస్ట్ షిఫ్టు వాళ్లను డబుల్ డ్యూటీకి ఆపారు. మా క్లాసు వాళ్లు పదకొండు మంది లోపలే ఉండిపోయారు. నేను టైమ్ ఆఫీసు నుంచి నేరుగా క్లాసుకు వచ్చి, వాళ్లకు హాజరు వేశాను. లోపల పని చేస్తున్న మనిషికి ఆబ్సెంట్ వేయడం నా చేతికి రాదు. వాళ్లు గనిలో హాజరు, క్లాసులో కాదు. ఆ తేడా ఆ సాయంత్రం నాకు తట్టనే లేదు.

ఇది ఎవరికీ తెలియదు. కప్పిపెట్టొచ్చు. కప్పిపెట్టాలనే ఉంది.

సెప్టెంబర్ 15

సదానందం సార్ మాకు ఎవిడెన్స్ చెప్తారు. ఆయనకు చెప్పేశాను. తిడతారనుకున్నా, తిట్టలేదు. కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు.

“నీ తప్పు నువ్వే ముందుగాల పెట్టు బిడ్డా. వాళ్లు పట్టుకునేదాంక ఆగితే మిగిలినయి గూడ అబద్ధమే అయితయి.”

క్లాసు అయ్యాక అందరికీ చెప్పాను. ఆ పదకొండు మందిలో మేం కాక అని పిలిచే సదయ్య ఒకడు. పంపు ఆపరేటర్, వయసు యాభై ఆరు, మా అందరిలో పెద్ద.

“ఆ దినం నడుం లోతు నీళ్లల్ల ఉన్న. నాకు ఆబ్సెంటే వెయ్యి. కాని మిగిలిన దినాలు నిద్ర ఆపుకొని వచ్చి కూసున్న. అవి గుంజుకుంటమంటే ఊకుంటనా?”

సెప్టెంబర్ 18

అమ్మ గొడవ. గవర్నమెంటు నౌకరీ చేతిలో పెట్టుకుని ఈ పంచాయితీ ఎందుకంది. నాన్న ఉద్యోగం నాన్నది, లా నాది అన్నాను. రెండు రోజులుగా మాట్లాడట్లేదు. కూర మాత్రం నాకిష్టమైనదే చేస్తోంది.

సెప్టెంబర్ 24

జవాబు మేమే రాశాం. గని వాళ్లు ప్రతి ఒక్కరూ ఏ రోజు ఏ షిఫ్టు చేశారో సర్టిఫికెట్ తెచ్చారు. పొద్దున షిఫ్టులో ఉన్నవాడు సాయంత్రం క్లాసులో, రాత్రి వరకు ఉండేవాడు పొద్దున క్లాసులో. రోజురోజూ పక్కపక్కన పెట్టి చూపించాం. మొదటి పేరా నేనే రాశాను: ఆగస్టు 19 నాటి పదకొండు హాజర్లు తప్పు, వేసింది నేను. ప్రిన్సిపాల్ సంతకం పెట్టనన్నారు. కాలేజీకి సున్నం వేసేది మేం, బెంచీలు మోసుకొచ్చింది మేం, కాలేజీ అంటే ఆయన కుర్చీ ఒక్కటేనా? నలభై ఒక్క సంతకాలతో మేమే పోస్టు చేశాం.

అక్టోబర్ 6

మళ్లీ ఇన్‌స్పెక్షన్. పదిహేడున, రెండు పూటలా. పేరుపేరునా పిలుస్తారట.

అక్టోబర్ 17, సాయంత్రం 5.40

పొద్దున పదహారు మంది. ఇప్పుడు ఇరవై నాలుగు. ఒక్కరూ తప్పలేదు. ఇన్‌స్పెక్షన్‌కు వచ్చిన మేడమ్, ప్రిన్సిపాల్ ఇచ్చిన లిస్టు చదివి మడిచింది. నేను లేచాను.

“ప్రెజెంట్, మేడమ్.”

లిస్టులో నీ పేరు లేదంది. ఆగస్టు 19 రాసింది నేనే అన్నాను. ప్రిన్సిపాల్ ఏదో చెప్పబోయారు, ఆమె అటు చూడలేదు. లిస్టు విప్పి, అడుగున ఖాళీ చూసి, పెన్ను తీసి, పేరు చెప్పమంది.

ఇంటిపేరుతో సహా చెప్పాను.