గుడ్డుకి గరుకు కాగితం పనికిరాదు

జూన్ 7, శనివారం

ఇవాళ వాటర్‌కలర్ క్లాసులో చేరాను. చేరాను అనకూడదు, చేర్పించారు. రిటైరై నాలుగు నెలలు దాటింది. ఈ నాలుగు నెలల్లో వంటింటి డబ్బాలన్నీ సైజు వారీగా సర్ది, ఒక్కోదానికీ లేబుల్ అంటించాను. ఆ వరసల్లో ఉప్పు ఎక్కడుందో తెలీక మా ఆవిడ ఒక పూట చప్పిడి తిండి తిని, మర్నాడే వెళ్ళి ఫీజు కట్టేసి వచ్చింది. శనివారం శనివారం మీరు రెండు గంటలు ఇంట్లో లేకపోతే నా ఆయుష్షు రెండేళ్ళు పెరుగుతుంది అంది.

క్లాసు కళ్ళజోళ్ళ షాపు పైన. పదకొండు మందిమి. అందరిలోకీ నేనే పెద్ద. టీచర్‌కి ముప్ఫై దాటినట్టు లేవు. బల్ల మీద ఓ గాజు సీసా, రెండు నిమ్మకాయలు, మడతపెట్టిన తువ్వాలు పెట్టి వెయ్యమంది. ఇలా కదలని వస్తువులు వేయడాన్ని స్టిల్ లైఫ్ అంటారట. ముప్ఫై నాలుగేళ్ళు వాటర్‌వర్క్స్ ఆఫీసులో పైపుల డ్రాయింగులు గీసినవాణ్ణి. పైపు కన్నా కదలనిది ఇంకేముంటుంది? స్కేలు లేకుండా మీటరు పొడుగు గీత తిన్నగా లాగేవాణ్ణని ఆఫీసులో నా పేరే స్కేలు.

సీసా అంచు తిన్నగా రాలేదు. కాగితం మరీ నున్నగా ఉంది, బ్రష్ జారిపోతోంది అని టీచర్‌కి చెప్పాను.

జూన్ 8

బ్రష్ జారలేదు. ఆడలేక మద్దెల ఓడు.

జూన్ 10, ఉదయం 11

ఆవిడ డ్యూటీకి వెళ్ళింది. ఇక్కడైనా నిజం రాసుకుంటాను.

చేయి వణుకుతోంది. కుడిచేయి. జనవరిలో ఆఖరి డ్రాయింగ్ మీద సంతకం పెడుతుంటే మొదటిసారి చూశాను. చలి అనుకున్నాను. ఎండాకాలం వచ్చింది, పోయింది. వణుకు పోలేదు.

మా అన్నయ్యకీ వణుకు జబ్బే, బొటనవేలితో మొదలైంది. అయిదేళ్ళకి చొక్కా బొత్తాలు వదిన పెట్టాల్సి వచ్చింది. ఆవిడ పెడుతున్నంతసేపూ అన్నయ్య గోడకేసి చూసేవాడు. ఒక్కసారి కూడా ఆవిడ మొహం చూడలేదు. జబ్బంటే నాకు అంత భయం లేదు. ఆ గోడకేసి చూడ్డమే భయం.

డాక్టర్‌కి చూపించుకోవచ్చు. కానీ ఈ చుట్టుపక్కలకి ఒకటే ఆసుపత్రి. ఏ డాక్టర్ ఏ చీటీ రాసినా అది చేరేది మందుల కౌంటర్‌కే. కౌంటర్ వెనక ఉండేది మా ఆవిడే.

జూన్ 14, శనివారం

ఇవాళ పాఠమంతా కాగితాల గురించే. టీచర్ ఒక్కొక్కళ్ళకి మూడు ముక్కలిచ్చింది. ఒకటి నున్నది, ఒకటి మధ్యరకం, ఒకటి గరుకు. మూడింటి మీదా ఒకే పియర్ పండు వెయ్యమంది.

నున్న కాగితం దేన్నీ దాచదు. పెట్టిన గీత పెట్టినట్టే కనబడుతుంది. మధ్యరకం కొంచెం సర్దుకుపోతుంది. గరుకు కాగితం నిండా చిన్న చిన్న గుంటలు. బ్రష్‌లో తడి తగ్గించి చకచకా లాగితే రంగు మిట్టలకి మాత్రం అంటుకుని గుంటల్ని వదిలేస్తుంది. గీత దానంతటదే తెగుతూ తెగుతూ పోతుంది. తెగిన గీతలో వణుకు ఎవరికి కనబడుతుంది?

టీచర్ నా వెనకాల వచ్చి ఆగింది. అందర్నీ పిలిచి చూపించింది. ఈ అంచులో ప్రాణం ఉంది, మీవన్నీ అచ్చు గుద్దినట్టున్నాయి అంది. ఆఫీసులో అచ్చు గుద్దినట్టు గీసినందుకే కదా ముప్ఫై నాలుగేళ్ళు జీతం ఇచ్చారు. సిగ్గేసింది. సంతోషంగానూ ఉంది. సంతోషమే ఎక్కువ.

జూన్ 16

మా బావమరిదికి కాగితాల షాపు ఉంది. నా పెళ్ళికి నిక్కర్లో ఉన్నవాడు ఇప్పుడు నాకు నీతులు చెబుతాడు. మంచి కాగితమా కాదా అని తేల్చడానికి మూలని నాలుకకి తాకిస్తాడు. నాలుక అంటుకుపోతే ఆ కాగితం నీళ్ళు తాగేసే రకం, రంగు లోపలికి ఇంకి చచ్చిపోతుందిట. అంటుకోకపోతే జిగురు సరిగ్గా పట్టించారన్నమాట. నీ ఎంగిలి కాగితం నాకెందుకురా అన్నాను. ఎంగిలి కానిది తీసుకెళ్ళి బొమ్మ పాడైందని నా దగ్గరికి రాకు బావా అన్నాడు.

పది షీట్లు కొన్నాను. పత్తితో చేసినవి, అట్టలా మందంగా ఉన్నాయి. చౌకరకమైతే తడి తగలగానే ఉబ్బి అలలు లేస్తుంది. అన్నీ గరుకువే. నున్నవి కూడా ఓ నాలుగు తీసుకో బావా అన్నాడు. వద్దన్నాను. కాస్త గట్టిగానే అన్నట్టున్నాను, వాడు తలెత్తి చూశాడు.

జూన్ 24

నిమ్మకాయ నీడ నల్లగా ఉండదు. అరవయ్యేళ్ళూ నల్లగా ఉంటుందనే అనుకున్నాను. దగ్గర కూర్చుని చూస్తే అందులో ఊదా ఉంది, కాయకి ఆనుకున్నచోట కొంచెం పసుపు కూడా ఉంది. ఇవాళ మూడు గంటలు ఆ ఒక్క నీడే వేశాను. మధ్యాహ్నం తినడం కూడా మర్చిపోయాను.

గీత చెడిపోయాక రంగు కనబడ్డం మొదలైంది. రెండూ ఒకేసారి ఉంటే ఎవడి సొమ్మేం పోయింది?

జూన్ 28, ఉదయం

పొద్దున్నించీ ఒళ్ళో పెట్టుకున్న చేయి రాయిలా కదలకుండా ఉంది. తగ్గిపోయిందనుకున్నాను. బ్రష్ పట్టుకున్నాను. తగ్గలేదు.

జులై 6, ఆదివారం

బావమరిది వచ్చాడు. మూడు రోజులుగా నేను వేస్తున్న పియర్ పండుని కొరికేశాడు. బొమ్మలో ఉందిగా బావా, ఇంక దీంతో ఏం పని అన్నాడు. మా ఆవిడ నవ్వి నవ్వి కుర్చీలో కూలబడింది. అంతలా నవ్వి చాలా రోజులైంది.

నవ్వు అయ్యాక గోడకి ఆనించిన బొమ్మలన్నీ వరసగా చూశాడు. అన్నీ గరుకు మీదేనా అన్నాడు. అవునన్నాను. నా షాపులో గరుకు కాగితం కొనేవాళ్ళు రెండు రకాలు బావా, బాగా చెయ్యి తిరిగినవాళ్ళు, ఏదో కప్పిపుచ్చుకునేవాళ్ళు అన్నాడు. తమాషాకే అన్నాడు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు నేను లేచి, నాకేం కప్పిపుచ్చుకోవాల్సిన ఖర్మరా అని అరిచాను. వాడు నోట్లో పండుతో అలాగే ఉండిపోయాడు. మా ఆవిడ మొహంలో మిగిలిన నవ్వు కూడా పోయింది.

జులై 12, శనివారం

తెల్ల పళ్ళెంలో తెల్ల గుడ్డ. దాని మీద ఒక కోడిగుడ్డు. అంతే. వచ్చే నెల లైబ్రరీ హాల్లో మా క్లాసు ప్రదర్శన ఉంది, అందరూ తలో గుడ్డు వెయ్యాలిట.

గరుకు కాగితం మీద నా గుడ్డు సున్నం కొట్టిన రాయిలా వచ్చింది. టీచర్ చూసి తల అడ్డంగా ఊపింది. సీసాకి సరే, పండుకి సరే, గుడ్డుకి గరుకు పనికిరాదండీ అంది. గుడ్డుకి ఉన్నదే ఆ నునుపు, అది పోతే గుడ్డెక్కడుంది, వచ్చే వారం అందరికీ నున్నటి కాగితమే ఇస్తాను అంది. తప్పు చెప్పలేదు. అదే వచ్చిన చిక్కు.

జులై 16

ఆదివారమే బావమరిది దగ్గరికి వెళ్ళి నున్నవి ఆరు తెచ్చాను. వాడు మూల నాకి చూసి, చుట్ట చుట్టి ఇచ్చాడు.

ఇప్పటికి పద్నాలుగు గుడ్లు వేశాను. ఒక్కదాని అంచు కూడా చివరిదాకా నిలవలేదు. పైన బాగానే మొదలవుతుంది, పక్కకి తిరిగేసరికి గజగజ. వేసిన ప్రతి గుడ్డునీ ఉడకబెట్టి తినాల్సి వస్తోంది. మా ఆవిడ మూడు రోజులు ఓర్చుకుని, కోడిగుడ్డుకి ఈకలు పీకేవాళ్ళ గురించి విన్నాను గానీ ఇన్ని గుడ్లకి పీకేవాణ్ణి ఇప్పుడే చూస్తున్నాను అంది. బొమ్మలు చూపించమంటే ఇంకా పూర్తికాలేదన్నాను.

జులై 19, శనివారం

క్లాసుకి వెళ్ళలేదు. వెళ్తున్నానని చెప్పి బయల్దేరి, బస్‌స్టాపులో రెండు గంటలు కూర్చున్నాను. ఏడు నంబరు బస్సు తొమ్మిదిసార్లు వచ్చింది. డ్రైవర్ ఆఖరికి చెయ్యి ఊపాడు, నేనూ ఊపాను.

ఇంటికొస్తే, గుడ్డు ఎలా వచ్చింది అని అడిగింది. బాగా వచ్చింది, టీచర్ ఉంచేసుకుంది అన్నాను. ఆవిడ మొహం వెలిగిపోయింది. ప్రదర్శన రోజుకి సెలవు పెట్టేశానంది. ఆరేళ్ళలో జ్వరానికి కూడా సెలవు పెట్టని మనిషి. మా ఆయన బొమ్మ గోడకి ఎక్కుతోందని కౌంటర్‌లో అందరికీ చెప్పిందట.

కక్కలేను, మింగలేను.

జులై 20, ఆదివారం, మధ్యాహ్నం 3

చెప్పేశాను. నోటితో చెప్పడం చేతకాలేదు. టిఫిన్లయ్యాక భోజనాల బల్ల మీద గుడ్డు పెట్టి, నున్న కాగితం బిగించి, ఓసారి ఇలా వచ్చి ఎదురుగా కూర్చో అన్నాను. బట్టలు ఆరేయాలి అంటూనే కూర్చుంది.

వేశాను. దాచుకోకుండా, తొందరపడకుండా, మెల్లిగా. అంచు పక్కకి తిరిగేచోట చేయి వణికింది. ఆపలేదు. ఆ వణుకుతోనే కిందదాకా తీసుకొచ్చి కలిపాను. తలెత్తితే ఆవిడ గుడ్డుకేసి చూడ్డం లేదు, నా చేతికేసి చూస్తోంది.

ఎన్నాళ్ళనుంచి అంది. జనవరి అన్నాను. వేళ్ళమీద లెక్కపెట్టింది. ఏడు దగ్గర ఆగింది.

తిట్టింది. ముప్ఫై రెండేళ్ళలో అంత తిట్టు తినలేదు. రోజుకి రెండొందల మంది చీటీలు చదువుతాను, ఎవరికి బీపీ, ఎవరికి షుగరు, ఎవరికి నిద్రపట్టదు అన్నీ నాకు తెలుసు, నా మొగుడి చీటీ ఒక్కటే నా కంట పడకూడదా అంది. అప్పుడు అన్నయ్య సంగతి చెప్పాను. బొత్తాలు, గోడ, అన్నీ. నువ్వు నాకు బొత్తాలు పెట్టే రోజు రాకూడదనుకున్నాను అన్నాను.

బ్రష్ నా చేతిలోంచి తీసి గ్లాసులో పెట్టింది. తర్వాత చాలా నెమ్మదిగా అంది. బావగారు గోడకేసి చూడ్డం మీరు చూశారు. అక్క మొహం చూశారా? ఆయన గోడకేసి చూస్తుంటే, పాపం ఆవిడ ఎటు చూడాలి?

నాకు ఆ మాట ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా తట్టలేదు. వదిన అక్కడ ఉందని గుర్తుంది, ఆవిడ వేళ్ళు గుర్తున్నాయి. మొహం గుర్తులేదు. ఏడుపొచ్చింది. మా ఆవిడా ఏడ్చింది. ఏడుస్తూనే వెళ్ళి బట్టలు ఆరేసింది, నేను క్లిప్పులు అందించాను.

జులై 22

నరాల డాక్టర్ దగ్గరికి ఇద్దరం వెళ్ళాం. చేతులు చాపమన్నాడు, ముక్కు తాకమన్నాడు, కాగితం మీద గుండ్రంగా చుట్టలు గీయమన్నాడు. గీస్తూ, ఏం కాగితమో వేలితో తడిమి చూశాను. మా ఆవిడ మోచేత్తో పొడిచింది.

అన్నయ్యకి వచ్చింది కాదట. ఇది వేరే వణుకు. చేయి ఊరికే ఉంటే రాదు, పని చెబితే వస్తుంది. ఆఫీసరు పని చెబితే నేనూ అలాగే వణికేవాణ్ణిగా. ప్రాణానికేం కాదు, మాత్రలతో సగం తగ్గొచ్చు, పూర్తిగా పోదు, నెమ్మదిగా పెరగనూ వచ్చు అన్నాడు. మళ్ళీ తిన్నటి గీత గీయగలనా అని అడిగాను. స్కేలు పెట్టుకోండి అన్నాడు. పాపం ఆయనకేం తెలుసు.

బయటికొచ్చాక మెట్ల మీద కూర్చుండిపోయాను. ఏడు నెలలు మోసిన భయం నాది కానే కాదు. తేలిగ్గా ఉంది. గీత పోయిందన్న బాధ మాత్రం అలాగే ఉంది. రెండూ ఒక్క మనిషిలో పట్టాయి.

జులై 26, శనివారం

టీచర్‌కి అంతా చెప్పాను. ఆ మధ్య నా అంచులో మెచ్చుకున్న ప్రాణం ఈ వణుకేనని కూడా చెప్పాను. ఆవిడ కాసేపు నా పాత బొమ్మలు తిరగేసి, అయినా నా మాట వెనక్కి తీసుకోను అంది. మీకు గరుకు కాగితమే ఇస్తాను, గుడ్డు బదులు సీసా వెయ్యండి అంది.

వద్దన్నాను. నున్నదే తీసుకున్నాను.

జులై 29

ఈ డైరీని బీరువాలో బట్టల అడుగున పెట్టేవాణ్ణి. నిన్న బల్ల మీద వదిలేశాను. మా ఆవిడ చదివిందో లేదో అడగలేదు. పొద్దున దాని మీద నా మాత్రలు, నీళ్ళ గ్లాసు ఉన్నాయి.

ఆగస్టు 2, శనివారం, సాయంత్రం 5

ఇది రాస్తున్నది నేను, ఆయన కాదు. ఆయన చెబుతున్నారు, నేను రాస్తున్నాను. చేతిలో బ్రష్ ఉందట, రాసే తీరిక లేదట. గుడ్డు ఈసారి బాగా వస్తోందని రాయమన్నారు. రాశాను.

బ్రష్ అరగంట నుంచి గ్లాసులోనే ఉంది. అది రాయొద్దన్నారు. అదీ రాశాను. నా మొహంకేసి చూసి నవ్వుతున్నారు.